చదివిన కథను కన్నులార గాంచిన బాలుడు: చార్లెస్ డికెన్సు

ఆంగ్లదేశపు నవలాకారులలో చార్లెస్ డికెన్సు మిక్కిలి పేరెన్నిక గన్నవాడు. ఆలివర్ ట్విస్టు, డేవిడ్ కాపర్‌ఫీల్డు అను నామములు మన విద్యార్థులలో ననేకులకు క్రొత్తవి కావు. అతని గ్రంథములన్నిటిని గూర్చి ముచ్చటించుటకు ఈ పుటలు చాలవు. చదివిన కథను మనస్సునందు చిత్రముగా నిలుపుకొను శక్తి యతనికి బాల్యమున నెట్లబ్బెనో, ఎట్లు నశింపబోయెనో, పిమ్మట నేమయ్యెనో, అంతవరకే చెప్ప నెంచితిమి.

డికెన్సు 1812 వ సంవత్సరము ఫిబ్రవరి 7 వ తేదిని పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు నౌకాదళమువారి జీతముల కార్యాలయమున గుమాస్తా. 1817 లో ఆ కుటుంబము చాథాం అను రేవుపట్టణమునకు వచ్చెను. తల్లియే బాలునకు అక్షరములు నేర్పెను. బాలుడు బలహీనుడు. ప్రక్కలో నొప్పి తరచుగ వచ్చుచుండుటచే తోడిపిల్లలతో పరుగులిడి యాడలేకపోయెను. మేడమీద నొక చిన్న గదిలో తండ్రి సంపాదించి యుంచిన నవలలు కొన్ని పడియుండెను. రాబిన్సన్ క్రూసో, డాన్ క్విక్సోట్, టామ్ జోన్స్, అరేబియా రాత్రుల కథలు మున్నగునవి వానిలో గలవు. ఇంటిలో నింకెవ్వరును వాని జోలికి పోలేదు గనుక ఆ గది బాలునకు స్వంతమైనట్లే యాయెను.

అతడు చదివిన విధము గమనింపదగినది. ఏ కథ చదువుచున్న నా కథానాయకుడు తానే యగుచుండెను. ఒక వారము ఒకడు, ఒక మాసము మరియొకడు. బూట్లు ముడుతపడకుండ లోపల నుంచు కొయ్యముక్కను చేతబట్టి, ఆటవికులు చుట్టుముట్టిన యోడకు అధిపతియై ఇల్లంతయు దిరుగుచుండెను. ఊరి గాదెలు, దేవాలయపు గోపురము, సమాధులతోట, వీధిలోని పూటకూళ్లయిల్లు ఇవన్నియు నతనికి పుస్తకములలోని స్థలములే. ఫలాని నౌకరు ఎగబ్రాకిన గోపురమిదియే యని చూపగలిగి యుండెను. ఈ సంగతులను డికెన్సు తరువాత కాపర్‌ఫీల్డు కథలో జొప్పించెను. అవి యాతని సొంత బాల్యమునకు సంబంధించినవే యని మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ తాను వ్రాసిన జీవితచరిత్రమున స్పష్టపరచెను.

క్రూసో దీవిని బాలుడు చూచి యుండలేదు. చాథాములోనే దానిని కనుగొనెను. మన బాలురు కొందరు దూరదేశపు కథ యనగానే అర్థము కాదని పుస్తకము మూసివేయుదురు. వారికి కొరతపడినది పదముల యర్థము గాదని మా యభిప్రాయము. ఊరి చెరువుగట్టు నొకపరి ఆ కథకు అరువిచ్చి చూడవలెను.

1822 లో కుటుంబము లండను నగరమునకు మారెను. తండ్రి మంచివాడే గాని చేతిలో కాసు నిలువనివాడు. అప్పులు పెరిగెను. ఇంటిలోని సామాను ఒక్కటొక్కటిగా అంగడికి పోవుచుండగా, మొదట పోయినవి పుస్తకములే. వానిని మోసికొనిపోయి పాతపుస్తకముల వర్తకునకు అమ్మినవాడును ఆ బాలుడే. 1824 ఫిబ్రవరిలో నలువది పౌనుల చిల్లర ఋణమునకై తండ్రిని మార్షల్‌సీ చెరసాలలో నుంచిరి. పండ్రెండేండ్లు నిండిన రెండు దినములకే బాలుడు థేమ్సు నదియొడ్డున, ఎలుకలు దిరుగు నొక శిథిల గృహమున, బూట్లకు రాయు నల్లరంగు సీసాలకు కాగితములంటించు పనిలో ప్రవేశించి యుండెను. జీతము వారమునకు ఆరేడు షిల్లింగులు.

పని చేయుచు తోడి బాలురకు తాను పూర్వము చదివిన కథలు చెప్పి వినోదపరచుటకు యత్నించెను. అయితే ఆ కథలు తన మనస్సునుండి త్వరత్వరగా జారిపోవుచున్నట్లు కనుగొనెను. అతని దుఃఖములలో నాకలికంటెను, అవమానముకంటెను ఇదియే మాకు ఘోరముగ దోచుచున్నది. పుస్తకములు అమ్ముడుపోయెను, వాని నీడలును పోవుచుండెను. అచ్చట నాతనియెడ దయచూపిన బాలుని పేరు ఫాగిన్. ఆ పేరునే డికెన్సు తరువాత నొక దొంగల గురువున కేల పెట్టెనో, చిత్రము!

తండ్రి మే మాసమున విడుదల యయ్యెను. కొంతకాలమునకు బాలుని పని మానిపించి బడికి పంపెను. తల్లి మాత్రము మరల పనికే పంపవలెనని కోరెను. ఆ మాటను కుమారుడు జీవితాంతము మరువలేదు. తల్లి పక్షమునను చెప్పదగినది కలదు. పిల్లలు పలువురున్న యింటిలో ఏడు షిల్లింగులు స్వల్పము గావు. అయినను ఆమె కోరినట్లే జరిగియుండిన నేమయ్యెడిదో తలచుటకును మాకు భయమగుచున్నది.

తరువాతి వృత్తాంతము లోకవిదితము. న్యాయవాదుల గుమాస్తాగిరి, సంక్షిప్తలిపి, పత్రికోద్యోగము, 1836 లో పిక్‌విక్ కథలు. బాల్యములో ఇతరుల కథలకు జేసిన పనినే ఇప్పుడు తన కథలకు జేయసాగెను. తన పాత్రలు పలుకు ప్రతిమాటయు చెవికి స్పష్టముగా వినబడునని మిత్రులతో చెప్పెను. ఒకనాడు జబ్బునుండి కోలుకొనుచు ఆయన వ్రాతగదిలో పరుండిన కుమార్తె మేమీ, తండ్రి తటాలున లేచి అద్దమునెదుట ముఖమును వింతగా మార్చుచు, పరుగున వచ్చి వ్రాసికొని, మరల అద్దమునొద్దకు పోవుట చూచెను. 1841 లో నెల్ అను బాలిక మరణమును వ్రాయునపుడు, 1837 లో పదునేడేండ్లకే మరణించిన మరదలి వియోగము మరల తనకు ప్రాప్తించినట్లు కుమిలిపోయెను.

ఆయన 1854 లో హార్డ్ టైమ్స్ అను నవల ప్రకటించెను. అందలి పాఠశాలలో వాస్తవములు దప్ప ఊహకు చోటు లేదు. సర్కసు గుఱ్ఱములనడుమ పెరిగిన బాలిక గుఱ్ఱమునకు లక్షణము చెప్పలేక తెల్లబోవును. పండ్లు లెక్కపెట్టి యొప్పగించిన బాలుడు మెప్పువడయును. శిక్షణకళాశాలలలో మావంటివారు నేర్చిన పద్ధతులు మంచివే. అయినను ప్రతి యుపాధ్యాయుడును ఏటేట నొకపరి ఆ ఘట్టమును చదువవలెను.

డికెన్సు 1870 వ సంవత్సరము జూన్ 9 వ తేదిని గాడ్స్ హిల్ అను తన గృహమున మరణించెను. బాల్యమున తండ్రితో పోవుచు దారిలో చూచి, తనదైనట్లు ఊహించుకొనిన భవనమే యది. 1856 లో దానిని కొనెను. వ్రాయుచున్న నవల సగములో నిలిచిపోయెను.

పిక్‌విక్ కథలకు కొన్ని బొమ్మలు వ్రాసి, అవి నచ్చమిచే తొలగింపబడిన ఆర్. డబ్ల్యు. బస్ అను చిత్రకారుడు, డికెన్సు మరణానంతరము ఆయన చిత్రము నొకదాని నారంభించెను. అందు డికెన్సు కుర్చీలో కన్నులు మూసికొని కూర్చుండ, ఆయన సృష్టించిన జనులు చిన్నచిన్న రూపములతో గదియంతయు క్రమ్ముకొని తేలుచుందురు. బస్ 1875 లో మరణించెను. పటము పూర్తికాలేదు. కొందరికి రంగులు పడినవి, తక్కినవారు గీతలుగనే యున్నారు. లండనులో డౌటీ వీధియందు డికెన్సు నివసించిన యింటిలో నేర్పడిన ప్రదర్శనశాలలో ఆ పటము కలదు.