యంత్రముల నాడి నెఱిగిన నాయుడుగారు

తెలుగు దేశపు ఎల్లలు దాటి దక్షిణమునకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. విజయనగర సామ్రాజ్య కాలమునను, అటుపిమ్మట నాయక రాజుల కాలమునను కొంగునాటికిని మధుర సీమకును వలసపోయిన రైతులు అక్కడి నేలను దున్నిరి. అక్కడి భాషను నేర్చిరి. ఇంటిలో మాత్రము తెలుగును విడువక నిలుపుకొనిరి. ఒకే వీథిలో రెండు భాషలు వినవచ్చు ఊళ్లు గల చిత్తూరు మండలమువారికి ఈ సంగతి వింత గొలుపదు. అట్టి వలస కుటుంబములలో ఒకదానియందు జన్మించి, బడి చదువు సరిగా అబ్బకున్నను, యంత్రవిద్యలో దక్షిణదేశమంతట పేరు గాంచిన మహనీయుడు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు. లోకము వారిని జి. డి. నాయుడు అనియే యెఱుగును.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగళ్ గ్రామమున, వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. పాఠశాల యన్న వారికి చిన్ననాటినుండియు గిట్టలేదు. బడిలో కూర్చుండబెట్టుటకు పెద్దలు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అట్టి బాలుని కన్నులకు ఒకనాడు ఒక వింత వాహనము కనబడెను. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు. అయినను అది రోడ్డుపై పరుగెత్తుచుండెను. అది ఒక తెల్లదొర, రెవెన్యూ ఉద్యోగి, నడుపుచున్న రడ్జ్ మోటారు సైకిలు. దానిని చూచిన క్షణమునుండి అది ఎట్లు నడచుచున్నదో తెలిసికొనవలెనను కోరిక ఆ యువకుని పట్టి పీడించెను.

కోరిక కలిగినంతమాత్రమున యంత్రము చేతికి రాదు. నాయుడుగారు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరిరి. మూడేండ్లు పైసకు పైస కూడబెట్టి, మూడువందల రూపాయలు చేర్చి, ఆ దొర వద్దనే ఆ మోటారు సైకిలును కొనిరి. కొన్నవాడెవడైనను దానినెక్కి ఊరంతయు తిరుగును. నాయుడుగారు దానిని మఱకు మఱ, చీలకు చీల విప్పి నేలపై పఱచిరి. ప్రతి భాగమును చేతబట్టి పరిశీలించి, అది అక్కడ ఏల ఉన్నదో ఆలోచించి, తిరిగి బిగించిరి. ఆ నేలయే వారికి పాఠశాల. ఆ యంత్రమే గురువు. అచ్చటనుండి వారు మెకానిక్కు అయిరి.

ఈ విద్య ఎట్టిదో విద్యార్థులు కొంత తెలిసికొనుట మంచిది. పెట్రోలు ఇంజనుకు ముఖ్యముగా కావలసినవి మూడు. మొదటిది, పెట్రోలును గాలియు తగిన పాళ్లలో కలియుట. తూకములో ఒక వంతు పెట్రోలునకు సుమారు పదునైదు వంతుల గాలి కావలెను. రెండవది, ఆ మిశ్రమమును సిలిండరులో పిస్టను బాగుగా ఒత్తి పెట్టుట. మూడవది, తగిన క్షణమున నిప్పురవ్వ పుట్టుట. పీల్చుట, ఒత్తుట, మండుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులు వరుసగా జరిగినచో ఇంజను నడచును. ఈ మూడింటిలో ఏది తప్పినను అది దగ్గును, అదరును, బలము చాలక ఆగిపోవును.

యంత్రమునకు నోరు లేదు. అయినను అది తన జబ్బును దాచుకొనలేదు. నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గును ఊడదీసి చూచినచో చాల సంగతులు తెలియును. దాని కొన లేత గోధుమరంగుగా ఉన్నచో ఆరోగ్యము. పొడి మసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువైనది. తెల్లగా కాలిపోయినచో అది తక్కువై, వేడి మించినది. నూనెతో తడిసినచో పిస్టను రింగులో, సిలిండరు గోడలో అరిగినవని అనుమానింపవలెను. నాలుగారు సిలిండరులు గల పందెపు కారునందు జబ్బు ఏ సిలిండరుదో తెలియుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఇంజను నడచుచుండగా ఒక్కొక్క ప్లగ్గునకు విద్యుత్తును మార్చి మార్చి నిలిపినచో, మంచి సిలిండరు ఆగినప్పుడు ఇంజను కుంటుపడును. ఏది ఆగినను ఇంజను నడకలో మార్పు కనబడదో, అదియే రోగి. అనుభవము గల మెకానిక్కు ఒక్కసారి ఒక్క మార్పే చేసి ఫలితము చూచును. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవాడు ఇంజను బాగుపడినను కారణము నెఱుగడు. వైద్యునకు నాడి ఎట్టిదో, మెకానిక్కునకు ఇంజను ధ్వని అట్టిది.

ఈ విద్యను పెట్టుబడిగా గొని నాయుడుగారు 1920లో ఒక మోటారు బండిని సంపాదించిరి. కోయంబత్తూరు వర్తకుడు రాబర్టు స్టేన్సు వారికి చేయూత నిచ్చెను. పొళ్లాచ్చికిని పళనికిని నడుమ ఆ బండిని నాయుడుగారు స్వయముగా నడపిరి. యజమానియు, డ్రైవరును, మెకానిక్కును ఒక్కరే యగుటచే బండి ఏ మూలుగు మూలిగినను వారి చెవిని పడకపోవుట లేదు. కొలది సంవత్సరములలో ఆ ఒక్క బండి యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థగా పెరిగెను. ఆ సంస్థ బండ్లు దేశములోనే మిక్కిలి సమర్థముగా నడచు బండ్లని పేరొందినవి.

బస్సు నడుపుట ఎంతటి పరీక్షయో తిరుపతివారికి వేఱుగా చెప్పనక్కరలేదు. చదును నేలపై మెల్లగా పోవు ఇంజను తన లోపమును కప్పిపుచ్చుకొనవచ్చును. నిండు బరువుతో కొండ యెక్కునపుడు మాత్రము దాని గుట్టు బయటపడును. పెట్రోలు చాలని ఇంజను అచ్చటనే నీరసించును. నీరు తక్కువైన రేడియేటరు అచ్చటనే మరగును. తిరుమలకు తొలి ఘాటు రోడ్డును 1944లో ప్రారంభించిన మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోపు పేరు నాయుడుగారి జీవితములోను ముఖ్యముగా కనబడును. ఆ సంగతి ముందు రాగలదు.

నాయుడుగారి దృష్టి బస్సులతో ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీళమేడునందు భారతదేశపు తొలి విద్యుత్ మోటారును తయారు చేయించిరి. పొడి బ్యాటరీలతో నడచు చిన్న మోటారు గల క్షౌరయంత్రము, మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావులేని ఓట్ల యంత్రము వారి బుద్ధినుండి వెలువడినవి. అయిదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించిరి. 1936లో లండనునందు అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తమ కెమెరాతో చలనచిత్రముగా తీసిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో క్రొత్త రకములు పండించిరి. సర్ సి. వి. రామనుగారును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారును వారి తోటను చూడవచ్చిరి.

1944లో మోటారు వ్యాపారభారమునుండి విరమించి, పరిశోధక విద్యార్థులకును, తమ కార్మికులకును, అణగారిన వర్గములవారికిని ధర్మములు ఏర్పఱచిరి. వారి కృషిచేతను విరాళములచేతను కోయంబత్తూరునందు ఆర్థర్ హోపు పేర సాంకేతిక కళాశాల వెలసెను. బడికి పోనొల్లని బాలుడు 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యెను! అయితే అచ్చటనే పెద్ద వివాదము పుట్టెను. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలవ్యయమనియు, రెండేండ్లలో అంతయు నేర్పవచ్చుననియు నాయుడుగారి వాదము. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన పదవిని విడిచిరి. ఆ విద్యాలయము తరువాత స్థలము మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నేటికిని నడచుచున్నది. అది మొదట నెలకొనిన పీళమేడు ప్రాంతమును జనులు ఇప్పటికిని హోప్స్ కాలేజి అనియే పిలుచుచున్నారు.

ఈ వివాదమును ఉపాధ్యాయులమైన మనము తేలికగా త్రోసివేయరాదు. నాయుడుగారు లోకమును తమ కొలబద్దతో కొలిచిరనుట నిజము. చేతితో ముట్టుకొన్నంతనే గ్రహించు బుద్ధి అందఱికి లేదు. గణితమును భౌతికశాస్త్రమును ఓపికగా నేర్వవలసినవారే పెక్కురు. ఇంజను ఏల కుంటుచున్నదో చేయి కనుగొనవచ్చును గాని, అంతకంటె మంచి ఇంజనును కల్పించుటకు శాస్త్రము కావలెను. అయినను వారి రోగనిర్ణయమున సత్యము లేకపోలేదు. పుస్తకములో సిలిండరు బొమ్మను గీసి పరీక్షలో మార్కులు సంపాదించి, నిజమైన ప్లగ్గు నొక్కమారైనను విప్పనివాని చదువు ఎట్టిది? ఔషధము మోతాదులో నాయుడుగారు తప్పి యుండవచ్చును. జబ్బు పేరు మాత్రము సరిగానే చెప్పిరి.

1952లో వారి కర్మాగారమునుండి రెండు ఆసనములు గల చిన్న పెట్రోలు కారు వెలువడెను. దాని వెల రెండువేల రూపాయలే. సామాన్య గృహస్థుడు కారునెక్కు రోజు దగ్గఱ పడినట్లు తోచెను. కాని పరిశ్రమల నియంత్రణమునకై 1951లో చేసిన శాసనము అప్పటికే అమలులోనికి వచ్చియుండెను; ప్రభుత్వము అనుమతి నొసగలేదు. తయారీ ఆగిపోయెను. ఆ కారు విరివిగా తయారై యుండినచో నిలిచెడిదో, మార్పులు కోరెడిదో ఎవరు చెప్పగలరు? కొండయెక్కి చూపు అవకాశమే దానికి చిక్కలేదు. ఇంజను చెడినచో విప్పి చూడవచ్చును. అనుమతి లేక ఆగిన బండిని ఏ మెకానిక్కును కదలింపలేడు. నాయుడుగారి జీవితములో మిక్కిలి బాధ కలిగించు ఘట్టమిదియే.

అయినను వారు కుంగిపోలేదు. 1967లో కోయంబత్తూరునందు పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పి, పిల్లలు యంత్రములను కన్నులార చూచుటకు వీలు కల్పించిరి. 1974 జనవరి 4వ తేదీన కాలధర్మము నొందిరి. వారి పేరనున్న ధర్మసంస్థ 2015లో పాత కార్ల ప్రదర్శనశాలను కూడ తెఱచినది. కోయంబత్తూరునకు విహారయాత్ర పోవు పాఠశాలలవారు ఆ రెండింటిని విద్యార్థులకు చూపుట మేలు.

మన తరగతులలోను బడి గిట్టని బాలురుందురు. పాఠము వినక, కిటికీలోనుండి రోడ్డున పోవు బండి ధ్వనిని ఆలకించువాడు ప్రతి తరగతిలో ఒకడైనను కనబడును. వారందఱును నాయుడుగారు కానేరరు. కాని వారిలో ఎవడు సోమరియో, ఎవడు వేఱొక పాఠము వినుచున్నాడో తెలిసికొనుట ఉపాధ్యాయుని పని. పాత సైకిలునో, పనిచేయని పంకానో వాని చేతికిచ్చి, విప్పి మరల బిగింపుమని చెప్పి చూచినచో, ఆ తేడా మనకు తెలియును.