మైకేల్ ఫారడే: ప్రయోగమే పాఠముగా చదువుకున్న విద్యార్థి

మహనీయుల జీవితాలను చదివేటప్పుడు మనము సాధారణంగా వారి విజయాలనే లెక్కిస్తాము. ఆ విజయాలకు పూర్వం వారు ఎట్లా చదువుకున్నారో, విన్న పాఠాన్ని ఏమి చేసుకున్నారో విచారించము. మేము భాషాసాహిత్యాలను బోధించేవారము. భౌతికశాస్త్రము మా విషయము కాదు. అయినప్పటికీ ఈ సంచికకు ఒక విజ్ఞానవేత్త జీవితాన్ని ఎన్నుకొనడానికి కారణమున్నది. మైకేల్ ఫారడే చేతితో చేసి చూచినవాడు మాత్రమే కాదు. చేసినదానిని నిజాయితీతో వ్రాసినవాడు, వ్రాసినదానిని పదిమందికి తెలిసేట్లు చెప్పినవాడు. ఈ మూడు పనులూ కలిసినప్పుడే చదువు పూర్తి అవుతుందని ఆయన జీవితము మనకు బోధిస్తున్నది.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరానికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ బట్స్ అనుచోట జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన తరచు అనారోగ్యంతో బాధపడేవాడు కనుక ఇంట్లో పేదరికము తాండవించేది. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు, ఒక్క రొట్టెను ఆ బాలుడు వారమంతా సరిపెట్టుకోవలసి వచ్చిందట. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు - ఇంతటితో అతని బడి చదువు ముగిసినది. 1804లో, పదమూడేండ్ల వయస్సులో, జార్జి రీబో అనే పుస్తక విక్రేత దుకాణంలో వార్తాపత్రికలు ఇంటింటికీ చేర్చే పనికి కుదిరాడు. మరుసటి సంవత్సరము ఆ దుకాణంలోనే పుస్తకాలు కుట్టి అట్టలు కట్టే పని నేర్చుకొనడానికి ఏడేండ్ల ఒప్పందంపై చేరాడు. ఆ రోజులలో పని నేర్పినందుకు శిష్యుని తండ్రి యజమానికి సొమ్ము చెల్లించడం ఆచారము. బాలుని నమ్మకమైన ప్రవర్తనను చూచి రీబో ఆ సొమ్మును తీసుకొనలేదు.

బడి మూసుకున్నచోట దుకాణము తెరుచుకున్నది. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను ఫారడే చదవసాగాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుచ్ఛక్తి వ్యాసము, జేన్ మార్సెట్ అనే విదుషీమణి రసాయనశాస్త్రాన్ని సంభాషణల రూపంలో వివరించిన గ్రంథము అతనిని ఆకర్షించాయి. ఇక్కడ మనము గమనించవలసిన విషయమొకటి ఉన్నది. పుస్తకంలో ఉన్నది కదా అని అతడు దేనినీ నమ్మలేదు. తన స్వల్ప సంపాదనలో వీలైన ప్రయోగాలన్నీ చేసి సరిచూచుకున్నాడు. గాజు సీసాతో స్వయంగా ఒక విద్యుద్యంత్రాన్ని తయారుచేసుకున్నాడు. రీబో ఇందుకు అడ్డుచెప్పకపోగా ప్రోత్సహించాడు. అటువంటి యజమాని లభించడం ఆ బాలుని అదృష్టమనే చెప్పాలి.

1810లో జాన్ టేటమ్ అనే పండితుడు తన ఇంట్లో విజ్ఞానశాస్త్రముపై సాయంకాలపు ఉపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసినది. ఒక్కొక్క ఉపన్యాసానికి రుసుము ఒక షిల్లింగు. తండ్రివలెనే కమ్మరి పని చేస్తున్న అన్న రాబర్టు ఆ సొమ్ము ఇచ్చి తమ్ముణ్ణి పంపాడు. అన్న చెమటోడ్చి సంపాదించిన షిల్లింగు వృథా కాకూడదని కాబోలు, ఫారడే విన్న ప్రతి ఉపన్యాసాన్నీ ఇంటికి వచ్చి శుభ్రంగా తిరగవ్రాసేవాడు. పరికరాల బొమ్మలు సరిగా వేయడానికై, రీబో ఇంట్లో అద్దెకున్న ఒక ఫ్రెంచి చిత్రకారుని వద్ద చిత్రలేఖనము నేర్చుకున్నాడు. ఆ నోట్సును తానే నాలుగు సంపుటాలుగా కుట్టుకున్నాడు. పొట్టకూటికై నేర్చిన విద్య చదువుకు తోడైనది.

1812 జూలైలో అతడు చేసిన ప్రయోగము ఏ ఉన్నత పాఠశాల విద్యార్థియైనా చేయదగినది. జింకు రేకునుండి అర్ధపెన్నీ నాణెమంత బిళ్ళలు ఏడు కత్తిరించాడు. వాటిపై ఏడు రాగి అర్ధపెన్నీలు పేర్చి, జంటకూ జంటకూ మధ్య ఉప్పునీటిలో తడిపిన కాగితము ఉంచాడు. అంతే, విద్యుత్తును పుట్టించే వోల్టా దొంతర సిద్ధమైనది. దాని రెండు చివరలనుండి తీగలను మెగ్నీషియం సల్ఫేటు ద్రావణంలో ముంచగా బుడగలు వెలువడ్డాయి. కొంతసేపటికి తేటగా ఉన్న ద్రావణము మసకబారినది. విద్యుత్తు లవణాన్ని విడగొట్టినదన్నమాట! ఈ ఆనందాన్ని అతడు మిత్రుడు బెంజమిన్ అబట్‌కు ఉత్తరంలో వివరంగా వ్రాశాడు. ఈ ఉత్తరాలను అతడు కాలక్షేపానికి వ్రాయలేదు. తన వాక్యరచన బాగుపడవలెననే ఉద్దేశంతోనే ఆరంభించాడు.

అదే సంవత్సరము దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే సంగీత విద్వాంసుడు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సుప్రసిద్ధ రసాయనవేత్త సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. వాటిని విస్తరించి, బొమ్మలతో వ్రాసి, స్వహస్తాలతో గ్రంథముగా కట్టాడు. అక్టోబరులో శిక్షణ కాలము ముగిసి వేరొక యజమాని వద్ద పనికి చేరాడు కాని అక్కడ మనస్సు నిలువలేదు. విజ్ఞాన సేవలో ఎంత చిన్న పనియైనా చాలునని రాయల్ సొసైటీ అధ్యక్షునికి జాబు వ్రాస్తే సమాధానము రాలేదు. నిరాశ చెందక, డిసెంబరులో తాను కట్టిన గ్రంథాన్ని డేవీకే పంపాడు. డేవీ ఆదరంగా మాట్లాడినా, ఉన్న వృత్తినే నమ్ముకొమ్మని మొదట సలహా ఇచ్చాడు. అయితే కొద్దికాలానికే ప్రయోగశాలలో సహాయకుని ఉద్యోగము ఖాళీ అయినది. 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆ ఉద్యోగానికి నియమితుడైనాడు. వారానికి 25 షిల్లింగుల జీతము, భవనము పైభాగాన నివాసము. సిఫారసు లేని బాలునికి సిఫారసుగా నిలిచినది అతని నోట్సు పుస్తకమే!

తరువాత డేవీతో యూరపు ఖండమంతా పర్యటించాడు. ఆ ప్రయాణంలో సేవకుని పనులు కూడా చేయవలసి వచ్చి అవమానాలు సహించాడు; అయినా ఆంపియర్, వోల్టా వంటి మహాపండితులను దర్శించగలిగాడు. 1815లో తిరిగివచ్చిన పిమ్మట మిత్రులతో కలిసి ఒకరి రచనలను మరొకరు దిద్దుకొనేవాడు. ఉపన్యాస కళపై పాఠాలు విని, వాటికి కూడా నోట్సు వ్రాసుకున్నాడు. ప్రయోగశాలలో పనిచేసేవానికి భాషతో పనేమిటని ఆయన ఎన్నడూ అనుకొనలేదు.

1821లో విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతము చుట్టూ తిరిగేట్లు చేశాడు. నేటి విద్యుత్ మోటారుకు అదియే మూలము. విద్యుత్తు వలన అయస్కాంత శక్తి కలుగుతున్నప్పుడు, అయస్కాంతము వలన విద్యుత్తు ఏల కలుగరాదు? ఈ ప్రశ్న ఆయనను దాదాపు పది సంవత్సరాలు వెన్నాడినది. మధ్యలో చేసిన ప్రయత్నాలు విఫలమైనాయి. ఆ వైఫల్యాలను కూడా పుస్తకంలో వ్రాసి ఉంచాడు. 1831 ఆగస్టు 29వ తేదీన ఇనుప వలయానికి రెండు పక్కల రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిని బ్యాటరీకి కలిపాడు. రెండవదాని చెంతనున్న సూచిక కదిలినది. కాని వెంటనే పూర్వస్థితికి వచ్చినది. బ్యాటరీని తొలగించగానే మరల కదిలినది. ప్రవాహము స్థిరంగా ఉన్నంతసేపూ చలనము లేదు. మార్పు కలిగినప్పుడే రెండవ చుట్టలో విద్యుత్తు పుడుతున్నది. అక్టోబరులో అయస్కాంతాన్ని తీగచుట్టలోనికి దూర్చియు, అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పళ్ళెమును త్రిప్పియు విద్యుత్తును పుట్టించాడు. ఈనాడు మన ఇండ్లలో వెలిగే దీపాలకు విద్యుత్తు నందించే జనరేటర్లకు మూలసూత్రము ఇదియే.

విద్యుద్విశ్లేషణ నియమాలను కనుగొన్నప్పుడు వాటిని చెప్పడానికి తగిన మాటలు లేవని ఆయన గుర్తించాడు. తనకు గ్రీకు భాష రాదు. కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌ను సంప్రదించాడు. 1834 నాటి ఈ సంప్రదింపుల ఫలితమే ఆనోడు, కాథోడు, అయాను అనే మాటలు. మన విద్యార్థులు రసాయనశాస్త్రంలో ఈనాటికీ వాడే పదాలు ఒక ప్రయోగవేత్త, ఒక భాషాభిజ్ఞుడు కలిసి రూపొందించినవి. గణితము కూడా ఫారడేకు అంతగా రాదు. బలరేఖలను ఆయన మనోనేత్రంతో దర్శించి మాటలలో వర్ణించగా, వాటికి గణితరూపము కల్పించిన ఘనత తరువాతి తరానికి చెందిన మాక్స్‌వెల్‌ది. తెలియనిదానిని తెలిసినవారిని అడగడంలో ఫారడే చిన్నతనము భావించలేదు.

తనకు బడి లేకపోయినా పిల్లల కొరకు ఆయన గొప్ప తరగతి గదిని నిర్మించాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో ఆరంభమైన క్రిస్మస్ ఉపన్యాసాలలో 19 పర్యాయాలు ఆయనే ఉపన్యసించాడు. 1860-61లో ఆయన ఎన్నుకున్న విషయము మామూలు కొవ్వొత్తి! ఆర్పిన వెంటనే లేచే పొగకు కొద్ది దూరంలో నిప్పు చూపితే మంట ఆ పొగ వెంబడి దిగి వత్తిని మరల వెలిగిస్తుంది. మంటపై చల్లని పాత్రను ఉంచితే నీటి బిందువులు చేరుతాయి. ఇట్లా ఆరు ఉపన్యాసాలలో, ఒక కొవ్వొత్తి నుండి మనము పీల్చే శ్వాస వరకు పిల్లలను నడిపించాడు.

1862లో అయస్కాంతము కాంతి వర్ణరేఖలను మారుస్తుందేమోనని ఆయన పరీక్షించాడు. ఏ మార్పూ కనిపించలేదు; కనిపించలేదనే వ్రాశాడు. 1896లో హాలెండు శాస్త్రజ్ఞుడు జీమన్ మరింత సమర్థమైన పరికరాలతో ఆ మార్పును కనుగొని, తరువాత నోబెల్ బహుమతిని అందుకున్నాడు. ఫారడే ఊహ సరియైనదే, పరికరమే చాలలేదు. ఊహ మీది నమ్మకంతో ఆయన లేని ఫలితాన్ని ఉన్నట్లు వ్రాయలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించి, నిరాడంబరంగా జీవించిన ఆ మహనీయుడు 1867 ఆగస్టు 25వ తేదీన పరమపదించాడు.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాల రికార్డులో సరియైన సమాధానము ముందుగా వ్రాసి, దానికి తగినట్లు అంకెలు కూర్చే అలవాటు మన కళాశాలల్లో ఉన్నదని అందరికీ తెలిసినదే. మార్కులు వస్తాయి, నిజమే. కాని అట్టి రికార్డు మీరు చూచినదానికి సాక్ష్యము కాజాలదు. సూచిక కదలకపోతే కదలలేదని వ్రాయండి. ఎందుకు కదలలేదని అధ్యాపకుని అడగండి. సాయంకాలము దుకాణంలోనో, మరమ్మతు షెడ్డులోనో పనిచేసి ఉదయము తరగతికి వచ్చేవారు మీలో ఉన్నారు. చేతిపని చదువుకు శత్రువు కాదని ఫారడే జీవితము నిరూపిస్తున్నది. కళాశాల పాలకవర్గమువారికి కూడా మా విన్నపమొకటి. ఖరీదైన పరికరాలు వచ్చువరకు వేచియుండక, తరగతులు ముగిసిన తరువాత ఒక గంటసేపు ప్రయోగశాల తలుపులు తెరిచి ఉంచండి. నాణేలు, జింకు బిళ్ళలు, తడికాగితము - వీటికి అంత ఖర్చు కాదు. తప్పు ఫలితము వ్రాసిన విద్యార్థిని శిక్షింపక, మరల చేసి చూడుమని ప్రోత్సహించే అధ్యాపకులు ఆ గదిలో ఉంటే చాలును.