కోడి రామమూర్తి నాయుడు

ఆంజనేయస్వామి గుడి ముంగిట నున్నని రాతిగుండు పడియుండుటయు, పండుగనాడు పడుచువారు వంతులు వేసికొని దానిని భుజమునకెత్తుటయు రాయలసీమ పల్లెలలో పలుచోట్ల కానవచ్చు వేడుక. జొన్నగిరి, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములయందేమి, దూరముననున్న కళింగసీమయందేమి, తెలుగునాట బలమును గూర్చి మాట వచ్చినప్పుడు పెద్దలు తలచుచు వచ్చిన పేరు కోడి రామమూర్తి నాయుడు. ఆయనను గూర్చి కథలు పెక్కులు పుట్టినవి. ఒక నోటినుండి మరియొక నోటికి పోవునప్పుడు బరువులు రెట్టింపగుట లోకసహజము. అందుచే తెలిసినదానిని వేరుగను, జనులు చెప్పుకొనుదానిని వేరుగను గ్రహించుట మేలు.

రామమూర్తి 1882వ సంవత్సరమున వీరఘట్టమున జన్మించెను. ఆ యూరు నేడు పార్వతీపురము మన్యము జిల్లాలో నున్నది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లిని గోలుపోయిన బాలుని తండ్రి మిక్కిలి గారాబముతో పెంచెను. చదువుమీద వానికి మనసు నిలువలేదు. వేకువనే లేచి ఊరిచెరువు దాక పరుగెత్తి, అచట కసరత్తు చేసి, కుస్తీపట్లు సాధన చేయుచుండెడివాడు. కుమారుడు చేయిదాటిపోవుచున్నాడని వెరచి తండ్రి వానిని విజయనగరమునకు, పోలీసు ఉద్యోగములోనున్న తన తమ్ముడు నారాయణస్వామి యింటికి పంపెను. అచటనైనను పుస్తకము పట్టునని ఆయన యాశ. కాని విజయనగరము సంస్థానపు రాజధాని. పండితులకును, గాయకులకును వలెనే మల్లులకును అచట ఆదరము కలదు. బాలుడు బడికంటె వ్యాయామశాలకే ఎక్కువగా పోజొచ్చెను.

పినతండ్రి వానిని తిట్టి కొట్టి దారికి తేవలెనని యత్నింపలేదు. పిల్లవాని మొగ్గు ఎటున్నదో కనిపెట్టి, ఆ మొగ్గునకే ఒక క్రమము కల్పించెను. మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచుండిరి. రామమూర్తి అచట ఒక యేడు శిక్షణ పొంది తిరిగివచ్చి, తాను చదువుకొనక తిరిగిన ఆ విజయనగరములోనే ఉన్నత పాఠశాలయందు వ్యాయామోపాధ్యాయుడయ్యెను. పినతండ్రి ఆనాడు కర్ర పట్టుకొని యుండినచో ఈ కథయే లేకపోవును.

ఆయన సాధనలో దండీలు, బస్కీలు, కుస్తీ ఎంత ముఖ్యమో ప్రాణాయామమును అంత ముఖ్యము. జనులు ఆయన కండలను చూచి ఆశ్చర్యపడిరి గాని, అసలు రహస్యము ఊపిరిలో నుండెను. ఇరువది యొకటవ యేటికే ఆయన టన్నున్నర బరువును రొమ్మున మోసెననియు, తరువాత మూడు టన్నుల వరకు పోయెననియు చెప్పుదురు. ఆయన నేలపై వెల్లకిల పరుండగా రొమ్ముపై బలమైన పలక నుంచి, దానిపై ఏనుగును నడిపించెడివారు. ఎదిగిన ఏనుగు బరువు సుమారు మూడు టన్నులు. ఆ బరువు ఒక్కచోట పడినచో ఎముకలు పిండియగును. పలకవలన అది దేహమున విశాలమైన భాగమునకు పంచబడును. నిండుగా పీల్చి బిగబట్టిన గాలి రొమ్మును లోపలినుండి నిలబెట్టును. ఇంత తెలిసినంతమాత్రమున ఎవరును ఏనుగు క్రింద పరుండరాదు. ఆ ఊపిరిని క్షణకాలము విడిచినను ప్రాణమునకే ముప్పు. ఆయన వెనుక ఏండ్ల తరబడి సాగిన సాధన యుండెను. రొమ్మునకు గొలుసు చుట్టుకొని, ఊపిరి పూరించి దానిని తెంచుటయు, భుజములకు గొలుసులు కట్టుకొని రెండువైపుల లాగుచున్న మోటారుబండ్లను కదలనీయకుండుటయు ఈ విద్యనుండి వచ్చినవే.

పాఠశాలలోనే యుండినచో ఆయనకు నెలజీతము తప్పకుండెడిది. అయినను పొట్టి పంతులు అను మిత్రుని ప్రోత్సాహమున ఆ కొలువు విడిచి సర్కసు కంపెనీని స్థాపించెను. మృగములను, మనుష్యులను పోషించుచు ఊరూర డేరాలు వేయుట సుకరము కాదు. వానకాలము వచ్చిన ఆదాయము పోవును. గుఱ్ఱములకు దాణా మాత్రము తప్పదు. ఆయన పేరు వినినంతనే జనము క్రిక్కిరిసి వచ్చుటచే సంఘము నిలిచెను. యూజెన్ శాండో అను ఐరోపా బలశాలి 1905 ప్రాంతమున మన దేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చెను. బలమునకు కొలబద్దయే ఆ తెల్లవాడు అని యెంచు కాలమది. అట్టి దినములలో రామమూర్తిని జనులు ఇండియన్ శాండో అనియు, కలియుగ భీముడనియు పిలిచిరి. పూనాలో లోకమాన్య తిలకు ఆయనను మన్నించి మల్లమార్తాండ బిరుద మిచ్చెనని ప్రతీతి. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొనెనని చెప్పుదురు. మాంసము లేనిదే బలము రాదని నమ్మువారికి ఆయన పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను. ఆయన శాకాహారి!

సంపాదించిన ధనమును నిలువజేయుట ఆయనకు చేతకాలేదు. దానములకును, జాతీయోద్యమమునకును విరివిగా వెచ్చించెనందురు. అంతకుమించిన ఆపద కాలికి వచ్చినది. కాలి పుండు ముదిరి, శస్త్రచికిత్స చేసి కాలు తీసివేయక తప్పనిదయ్యెను. అప్పుడు మత్తుమందు వలదని, ఊపిరి బిగబట్టి ఆ బాధను సహించెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. అది నిజమో కాదో గాని, చెరువుగట్టున పరుగెత్తిన బాలుడు ఒంటికాలితో మిగిలినది మాత్రము నిజము. డేరాలు, ఏనుగులు, జయజయధ్వానములు క్రమముగా దూరమైనవి. కడపటి దినములను ఒరిస్సాలోని బలాంగీరు ప్రాంతమున సంస్థానాధీశుల యాదరణలో గడిపి, 1942వ సంవత్సరము జనవరి నెలలో అచటనే కన్నుమూసెను.

విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహమున్నది. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టిరి.