అనివా దీవిలోని మంచినీళ్ల బావి

ఇస్సాకు దాసులు గెరారు లోయలో బావులు త్రవ్వినప్పుడు మొదటి బావియొద్దను రెండవ బావియొద్దను జగడము పుట్టెను. మూడవదానియొద్ద మాత్రమే జగడము లేకపోయెను. ఆదికాండము 26వ అధ్యాయము చదువునప్పుడెల్ల మాకు జాన్ పేటన్ దొరగారి బావి జ్ఞాపకమునకు వచ్చును.

ఆయన 1824లో స్కాట్లాండు దేశమందు మేజోళ్లు నేయువాని యింట పుట్టిరి. గ్లాస్గో పట్టణపు పేదలమధ్య పది సంవత్సరములు పనిచేసి, 1858లో పసిఫిక్ సముద్రమందలి న్యూ హెబ్రిడీస్ దీవులకు, అనగా నేటి వనువాటు దేశమునకు, వెళ్లిరి. తన్నా దీవి చేరిన కొద్ది నెలలకే, 1859 మార్చిలో, భార్య మేరీ ఆన్ అమ్మగారును పసిబిడ్డయు చనిపోగా, ఆయన తన చేతులతోనే సమాధి త్రవ్వి వారిని పాతిపెట్టిరి. 1862లో ప్రాణము దక్కించుకొని ఆ దీవి విడువవలసి వచ్చెను. 1865లో ఇంగ్లీషువారి యుద్ధనౌక యొకటి తన్నా పల్లెలమీద ఫిరంగులు కాల్చినప్పుడు దొరగారు దుబాసిగా ఆ ఓడలో నుండిరి. అందునుగూర్చి తోటి క్రైస్తవులే ఆయనను నిందించిరి. ఆ నింద పూర్తిగా అన్యాయమని మేము చెప్పజాలము.

1866లో రెండవ భార్య మార్గరెట్ అమ్మగారితో సమీపమందున్న అనివా అను చిన్న దీవికి వచ్చిరి. అది పగడపురాతి దీవి. వాగు లేదు, ఊట లేదు. డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు వానలు కురిసినను ఆ నీరు రాతిలో ఇంకిపోవును. జనులు కొబ్బరినీళ్లు త్రాగి, చెరకు నమలి దాహము తీర్చుకొనుచుండిరి. ఉన్న నీటిగుంటపై ఇద్దరు మంత్రగాండ్రు అధికారము చేయుచు కానుకలు పుచ్చుకొనుచుండిరి. నీళ్లు ఎవరి చేతిలో నుండునో ఊరును వారి చేతిలోనే యుండునని మన గ్రామస్థులకు ఒకరు చెప్పనక్కరలేదు. బావిగట్టుకు దూరముగా కుండ దించి, ఎవరైన పోయుదురా అని ఎదురుచూచిన తల్లుల బిడ్డలు మన సంఘములలో అనేకులున్నారు.

దొరగారు బావి త్రవ్వెదననగా ముసలి నాయకుడైన నమకేయి భయపడెను. వాన పైనుండి వచ్చునుగాని నేలలోనుండి ఎట్లు వచ్చునని ఆయన వాదము. దొరగారికి మతి చలించినదని తలంచెను. మూడు బొక్కెనల మన్ను తీసినవారికి ఒక చేపల గాలము ఇచ్చెదననగా కొందరు పనికి వచ్చిరి. 12 అడుగులు దాటిన పిమ్మట ప్రక్కగోడ కూలిపోయెను. ఇక ఎవరును దిగమనిరి. దొరగారు ఆ గోతిలో చచ్చినయెడల యుద్ధనౌక వచ్చి తమ్మును చంపునని నమకేయి మొరపెట్టెను. పొరుగు దీవిలో ఫిరంగులు మ్రోగిన కొద్ది కాలమునకే అట్టి భయము కలుగుట వింత కాదు.

అప్పుడు దొరగారే దిగిరి. పైన దూలము వేసి గిలక కట్టగా, గంట మ్రోగినప్పుడు బొక్కెన లాగుటకు మాత్రము జనులు ఒప్పుకొనిరి. 30 అడుగుల లోతున మన్ను తడిగా కనబడెను. సముద్రము దగ్గర గనుక ఉప్పునీరే పడునేమో అని ఆయన వణికిరి. గోతి నడుమ చిన్న రంధ్రము చేయగా నీరు ఉబికెను. ఆ బురదనీటినే నోట పోసికొని, మంచినీళ్లని యెరిగి, అక్కడనే దేవుని స్తుతించిరి. కూజాతో పైకి తెచ్చిన నీటిని నమకేయి కుదిపి చూచి, ముట్టి చూచి, త్రాగి చూచి, అది యెహోవా ఇచ్చిన వానయే అని ఒప్పుకొనెను. తక్కినవారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని వరుసగా గోతిలోనికి తొంగిచూచిరి.

నిజమునకు ముసలివాని మాట తప్పు కాదు. పగడపు దీవిలో ఇంకిన వాననీరు తేలికైనది గనుక అడుగునున్న ఉప్పునీటిపై పొరవలె తేలునని నేడు తెలియుచున్నది. ఆ బావినీరు సముద్రపు పోటుతో హెచ్చి తగ్గుచుండుటకు అదే కారణము. ఇంకను లోతుగా త్రవ్వినచో ఉప్పునీరే పడును. నమకేయి చెప్పినట్లే అది పైనుండి పడిన వాన.

మరునాటినుండి పిలువకయే జనులు వచ్చి, పగడపురాళ్లు మోసి, గోడ కట్టుటకు తోడ్పడిరి. బావి లోతు 34 అడుగులు. తరువాత చుట్టుపట్ల పల్లెలవారు ఆరేడు చోట్ల త్రవ్వి చూచిరి. కొన్నిట బండ తగిలెను, కొన్నిట ఉప్పునీరు పడెను. కావున అందరును దొరగారి బావికే వచ్చిరి. కానుక అడిగినవారు లేరు.

ఆ ఆదివారమున నమకేయి తానే లేచి, కంటికి కనబడక నేలలోనున్న నీటినిగూర్చియు, కంటికి కనబడని దేవునిగూర్చియు తన జనులతో మాటలాడెను. కొన్ని వారములలో వారు తమ విగ్రహములను తెచ్చి కాల్చిరి, పాతిరి, సముద్రములో పడవేసిరి. 1869 అక్టోబరు 24న పండ్రెండుమంది మొదటిసారి ప్రభురాత్రి భోజనములో పాలుపొందిరి. అనివా భాషలో క్రొత్త నిబంధన 1899లో అచ్చయ్యెను. దొరగారు 1907 జనవరి 28న ఆస్ట్రేలియాలో, మెల్బోర్ను పట్టణమందు, ప్రభువునందు నిద్రించిరి.