ఓడ నడిపితే.. గానుగకు కట్టారు

టికెట్టు ఊరికే. ఎక్కినవారికి ఓ గొడుగు కూడా ఉచితం. ఇదేదో సెల్‌ఫోన్ కంపెనీ ఆఫర్ కాదు. వందేళ్ళ క్రితం తూత్తుకుడి రేవులో కొలంబో వెళ్ళే ప్రయాణికులకు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఇచ్చిన బంపర్ ఆఫర్. అంత పెద్ద కంపెనీకి గొడుగులు పంచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? పక్కనే ఓ ప్లీడరు రెండు ఓడలు దింపాడు మరి.

ఆ ప్లీడరే వి.ఓ.చిదంబరం పిళ్లై. తమిళనాట చిన్నపిల్లాడిని అడిగినా చెప్పే పేరు. 1961లో శివాజీ గణేశన్ నటించిన ‘కప్పలోట్టియ తమిళన్’ సినిమా చూసినవారు మన తెలుగువారిలోనూ చాలామందే ఉంటారు. సినిమాలో దేశభక్తి కనిపిస్తుంది. దాని వెనకున్న వ్యాపారం కథ మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు.

కట్టబొమ్మన ఊరి పక్కనే..

చిదంబరం పిళ్లై 1872 సెప్టెంబరు 5న ఒట్టపిడారంలో పుట్టారు. కట్టబొమ్మన కోట కట్టుకున్న పాంచాలంకురిచ్చి అక్కడికి దగ్గరే. కోవిల్‌పట్టి, విలాత్తికుళం వైపు నల్లరేగడి ఊళ్ళలో తరతరాలుగా ఇళ్ళలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలకు ఈ పేర్లన్నీ సొంతూరి పేర్లే. తండ్రి ఉలగనాథన్ పిళ్లై కూడా వకీలే. కొడుకు ప్లీడరు పరీక్ష పాసై కొన్నాళ్ళు సొంతూళ్ళో ప్రాక్టీసు చేసి, 1900లో తూత్తుకుడికి మకాం మార్చారు. పేదవాళ్ళ కేసులు డబ్బు తీసుకోకుండా వాదిస్తారని పేరు.

అప్పట్లో తూత్తుకుడి నుంచి కొలంబోకు ఓడల వ్యాపారమంతా బి.ఐ. కంపెనీ చేతిలోనే ఉండేది. సరుకు పంపాలన్నా, సిలోన్ తోటల్లో పనికి పోవాలన్నా వాళ్ళు చెప్పిన రేటు ఇవ్వాల్సిందే. కాదంటే ఇంట్లో కూర్చోవాలి. పైకి చూస్తే ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టడం లేదు. కానీ ఒక్కటే కొట్టున్న ఊళ్ళో బేరం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే కదా.

షేరు రూ.25

1906 అక్టోబరు 16న స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరయింది. మూలధనం రూ.10 లక్షలు. ఒక్కో షేరు రూ.25 చొప్పున 40 వేల షేర్లు. పాలవనత్తం జమీందారు పాండిత్తురై తేవర్ అధ్యక్షుడు. హాజీ మహమ్మద్ సేట్ అనే వ్యాపారి ఒక్కరే 8 వేల షేర్లు కొన్నారు. అంటే రూ.2 లక్షలు. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో చెప్పనక్కర్లేదు. షేర్లు ఆసియావారికే అమ్మాలని నియమం పెట్టుకున్నారు. తెల్లవారి డబ్బు వద్దన్నమాట. వ్యాపారంలో ఇదేం పద్ధతి అనేవారు అనొచ్చు. కానీ కొనమని ఎవరి మెడమీదా కత్తి పెట్టలేదు, నమ్మినవాళ్ళే కొన్నారు.

మొదట సొంత ఓడల్లేవు. బొంబాయికి చెందిన కంపెనీ దగ్గర అద్దెకు తెచ్చి నడిపారు. బి.ఐ. కంపెనీ అక్కడ ఒత్తిడి తెచ్చి ఆ అద్దెకు ఎసరు పెట్టింది. సిలోన్ నుంచి ఇంకో ఓడ అద్దెకు తెచ్చి, ఇలా లాభం లేదని చిదంబరం పిళ్లై సొంత ఓడల కోసం బయల్దేరారు. ఓడ లేకుండా తిరిగిరానని శపథం చేసి మరీ వెళ్ళారని చెబుతారు. 1907లో ‘గాలియా’, ‘లావో’ అనే రెండు ఓడలు తూత్తుకుడి చేరాయి. గాలియాలో మామూలు తరగతిలోనే 1,300 మంది పట్టేవారు.

ఇక మొదలైంది అసలు పోటీ. బి.ఐ. కంపెనీ టికెట్టు రూపాయికి దించింది. స్వదేశీవారు అర్ధరూపాయి అన్నారు. దాంతో అవతలివారు టికెట్టే వద్దన్నారు, గొడుగు చేతిలో పెట్టారు. అయినా జనం స్వదేశీ ఓడే ఎక్కారు. ఊరికే వచ్చేదాన్ని కాదని డబ్బిచ్చి ఎక్కడం తేలికేమీ కాదు. ఆ ప్రయాణికుల్లో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవారే. చిదంబరం పిళ్లైని కొనేయాలని కూడా చూశారు. ఆయన లొంగలేదు.

ఇంతవరకు జరిగినదాన్ని పెద్దగా తప్పుపట్టలేం. రేటు తగ్గిస్తే లాభపడింది ప్రయాణికుడే. గొడుగులు పంచడం మాత్రం ఎదుటివాడిని ముంచేదాకా నష్టం భరిద్దామనే ఎత్తుగడ. డబ్బున్నవాడి పోటీ అది. అయినా అదింకా రేవులోనే ఉంది. కలెక్టరాఫీసుకు ఎక్కాకే కథ మారింది.

రేవు దాటి కోర్టుకు..

బి.ఐ. కంపెనీకి తూత్తుకుడిలో ఏజెంట్లు ఎ అండ్ ఎఫ్ హార్వే సంస్థ. కోరల్ మిల్లు కూడా వాళ్ళదే. 1908 ఫిబ్రవరి 27న ఆ మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. పని గంటలు తగ్గించాలి, జీతం పెంచాలి, ఆదివారం సెలవు కావాలి అన్నారు. చిదంబరం పిళ్లై, ఆయన మిత్రుడు సుబ్రహ్మణ్య శివ అండగా నిలిచారు. సమ్మె చేసినవారికి తిండికి ఏర్పాట్లు చేశారు. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం దిగొచ్చింది. సరుకున్నవాడికి ధర నచ్చకపోతే అమ్మనని చెప్పే హక్కుంటే, చెమట అమ్ముకునేవాడికీ అదే హక్కుండాలి కదా. ఓడల ప్లీడరు మిల్లు గేటు దగ్గర కనిపించడంలో వింతేమీ లేదు.

అన్నీ ముచ్చటైన విషయాలే కాదు. సమ్మెను వ్యతిరేకించిన ఓ వకీలుకు మంగలి గడ్డం గీయనన్నాడని, ఊళ్ళో వెలివేసినంత పని చేశారని చెబుతారు. ఇష్టపడి కొనడం ఒకటి, భయపడి కొనకపోవడం ఇంకొకటి. స్వదేశీ ఉత్సాహంలో ఈ గీత కొన్నిచోట్ల చెరిగిపోయింది. కంపెనీ డైరెక్టర్లలోనూ కొందరికి ఆయన రాజకీయాలు రుచించలేదు. డబ్బు పెట్టినవారి భయం వారిది.

1908 మార్చి 9న బిపిన్ చంద్రపాల్ జైలు నుంచి విడుదలయ్యారు. ఏడాది ముందు రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చి మన కుర్రాళ్ళను ఊపేసిన పాల్ ఈయనే. ఆ విడుదలకు ఊరేగింపు తలపెట్టారు. కలెక్టర్ వించ్ పిలిచి జిల్లా వదిలిపొమ్మన్నాడు. చిదంబరం పిళ్లై కుదరదన్నారు. మార్చి 12న అరెస్టు. మర్నాడు తిరునల్వేలి భగ్గుమంది. పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు.

ఆ కాల్పుల మంట బెజవాడ దాకా వచ్చింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు తన ‘స్వరాజ్య’ పత్రికలో దీనిమీద ఘాటుగా రాశారు. అందుకు రాజద్రోహం కేసు పెట్టి మూడేళ్ళ శిక్ష వేశారు. ఆంధ్రుల్లో తొలి రాజకీయ ఖైదీగా ఆయన్ను చెప్పుకుంటాం. దాని వెనక తూత్తుకుడి ఓడల గొడవ ఉందన్నది చాలామందికి తెలియదు.

జూలైలో జడ్జి పిన్హే తీర్పు చెప్పాడు. ప్రభుత్వంపై ద్వేషం రగిల్చినందుకు 20 ఏళ్ళు, శివకు సాయపడినందుకు మరో 20 ఏళ్ళ ద్వీపాంతరం. ఓడ నడపడం నేరమని తీర్పులో ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఓడల యజమాని జైల్లో ఉంటే కంపెనీ నడిచేదెలా? పై కోర్టుల్లో శిక్ష తగ్గినా నాలుగేళ్ళకు పైగా జైలు తప్పలేదు. కోయంబత్తూరు జైల్లో ఎద్దుకు బదులు ఆయన్ను గానుగకు కట్టి నూనె ఆడించారు. ఆ గానుగను తర్వాత చెన్నై గిండీలోని గాంధీ మండపానికి తెచ్చిపెట్టారు.

1912 డిసెంబరులో కన్ననూరు జైలు నుంచి బయటికొచ్చేసరికి స్వాగతం పలికే జనం లేరు. కంపెనీ అంతకు ముందే 1911లో మూతపడింది. గాలియా ఓడ చివరికి అవతలి కంపెనీకే చేరిందని చెబుతారు. ప్లీడరు సన్నదు రద్దయింది. మద్రాసులో చిన్న కొట్టు పెట్టుకుని బతుకు ఈడ్చారు. ఖాళీ దొరికినప్పుడల్లా తిరుక్కురళ్, తొల్కాప్పియం మీద పనిచేశారు. జేమ్స్ అలెన్ పుస్తకాలను తమిళంలోకి తెచ్చారు.

సన్నదు తిరిగి ఇప్పించింది వాలెస్ అనే ఇంగ్లీషు జడ్జి. ఆ మేలు మరవకుండా కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. తెల్లవాడైతే చాలు ద్వేషించే మనిషి కాదన్నమాట. పోయిన కక్షిదారులు మాత్రం వెనక్కి రాలేదు.

1936 నవంబరు 18న తూత్తుకుడి కాంగ్రెస్ ఆఫీసులో కన్నుమూశారు. ఆ ఊరి రేవుకు 2011లో ఆయన పేరు పెట్టారు. చనిపోయే ముందు రాయించిన వీలునామాలో బాకీల లెక్క కూడా ఉంది. బట్టల కొట్టువాడికెంత, సరుకుల కొట్టువాడికెంత, ఎవరెవరికి తీర్చాలన్నది మర్చిపోకుండా రాయించారు.