థామస్ పెయిను చరిత్రము

ఖడ్గముచే రాజ్యములను గెలిచినవారి చరిత్రములు లోకమున పెక్కులు గలవు. సైన్యముగాని ధనముగాని ఉన్నతవంశముగాని లేక, కలమొక్కటియే సాధనముగా జనుల తలంపులను మార్చినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో నొకడగు థామస్ పెయిను చరిత్రమును ఇచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

పెయిను 1737వ సంవత్సరమున ఇంగ్లండునందలి థెట్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి క్వేకరు మతస్థుడు. స్త్రీలు నడుమునకు బిగించి తొడుగుకొను లోరవికలను కుట్టి జీవించువాడు. కుమారుడు చిన్నతనముననే బడి మాని ఆ పనిలో ప్రవేశించెను. పిదప సుంకముల శాఖలో స్వల్పోద్యోగమును సంపాదించెను. తోడి యుద్యోగుల జీతములు కుటుంబపోషణమునకు చాలవని 1772లో నొక విజ్ఞాపనము వ్రాసెను, ఫలము లేకపోయెను. 1774లో ఉద్యోగము పోయెను, సామగ్రి వేలమున అమ్ముడుపోయెను, భార్య వేఱుపడెను. ముప్పదియేడేండ్ల వయస్సున, లోకదృష్టికి సర్వవిధముల చెడినవాడై, బెంజమిన్ ఫ్రాంక్లిను ఇచ్చిన సిఫారసు లేఖలతో అమెరికాకు ఓడయెక్కి, ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన ఫిలడెల్ఫియా చేరెను.

అచ్చట నొక మాసపత్రికకు సంపాదకుడయ్యెను. మన ఉత్తర సర్కారులను కంపెనీకి సంపాదించిపెట్టిన రాబర్టు క్లైవునుగూర్చి 1775లో ఆ పత్రికయందు వెలువడిన వ్యాసము పెయిను రచనయేయని పండితులు తలంచుచున్నారు. ధనాశచే భారతదేశమున జరిగిన క్రౌర్యము అందు గర్హింపబడినది.

ఆ సంవత్సరముననే ఇంగ్లండునకును అమెరికా వలసలకును యుద్ధ మారంభమయ్యెను. అయినను జనులలో పెక్కుమంది దోషము మంత్రులదేగాని రాజుది కాదనియు, ఎప్పటికైన సంధి కుదురుననియు నమ్ముచుండిరి. వలసలలోని న్యాయవాదులు సనదులను, శాసనములను ముందిడుకొని, పన్ను వేయు నధికార మెవరిదని సూక్ష్మముగ వాదించుచుండిరి. మేమును ఆ వృత్తియందే యున్నవారము గనుక, అట్టి వాదములు ఎంత శ్రమతో కూర్పబడునో, ఎంత కొలదిమందికి బోధపడునో ఎఱుగుదుము. పెయిను ఆ మార్గమున పోలేదు. 1776 జనవరిలో ‘కామన్ సెన్స్’, అనగా లోకజ్ఞానము, అను పేరుతో చిన్నపుస్తకమును తన పేరు లేకయే ప్రకటించెను. తండ్రి రాజగుటచేత కుమారుడు రాజగుట యేమి యుక్తి? సముద్రము కావల నున్న చిన్న ద్వీపము ఇంత విశాల భూఖండమును ఏల పాలింపవలెను? ఇట్టి ప్రశ్నలను, చదువను వ్రాయను మాత్రము నేర్చిన కమ్మరికిని సేద్యగానికిని తెలియు మాటలతో అడిగెను. ఎవరైనను అచ్చువేసికొనవచ్చునని హక్కును వదలుకొనెను. ఆ యేటనే ఇరువదికిపైగా ముద్రణములు వెలువడెను. జూలైలో స్వాతంత్ర్యప్రకటనము జరిగెను. దానికి కారణములు మఱి పెక్కులు గలవు. కాని స్వాతంత్ర్యమను మాటను భయములేక పలుకుట సామాన్యులకు నేర్పినది ఈ పుస్తకమే.

ఆ సంవత్సరాంతమున వాషింగ్టను సైన్యము ఓడి వెనుకకు నడచుచుండగా, పెయిను ‘సంక్షోభము’ అను పత్రపరంపరను మొదలిడెను. మొదటి పత్రమును సైనికులకు చదివి వినిపించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. కొలదిదినములకే ట్రెంటను యుద్ధమున జయము కలిగెను.

తరువాత ఇంగ్లండు చేరి, ఫ్రెంచి విప్లవమును నిందించిన ఎడ్మండు బర్కునకు ప్రత్యుత్తరముగ 1791లోను 1792లోను ‘మానవుని హక్కులు’ అను గ్రంథమును రెండు భాగములుగ ప్రకటించెను. మొదటిభాగము మూడు షిల్లింగుల వెలకు అమ్ముడగుచున్నంతకాలము ప్రభుత్వము ఊరకుండెను. ఆఱు పెన్నీల ప్రతులు కూలివారి యిండ్లకు చేరినపిదప రాజద్రోహాభియోగము తెచ్చెను. ఈ పుటలు పిల్లల మిఠాయిపొట్లములకు సైతము చుట్టబడుచున్నవని ప్రభుత్వ న్యాయవాది న్యాయసభలో ఆక్షేపించెను! పెయిను అప్పటికే ఫ్రాన్సునకు పోయియుండెను. ఆతని పక్షమున థామస్ ఎర్‌స్కిను అను న్యాయవాది వాదించి, అందువలన యువరాజు కొలువులోని తన పదవిని కోల్పోయెను. ప్రభుత్వపక్షపు ప్రత్యుత్తరమైన వినకయే జూరీవారు ముద్దాయి దోషియని చెప్పిరి. ఆ తలంపులు మూడు షిల్లింగులు గలవాని చేతనున్నప్పుడు నేరము కాలేదు, పేదవాని చేత పడగనే నేరమయ్యెను. ఇది మఱవదగిన సంగతి కాదు.

ఫ్రాన్సులో పెయిను జాతీయసభకు సభ్యుడయ్యెను. రాజత్వమును జీవితమెల్ల ఎదిరించినవాడే, 1793 జనవరిలో పదునాఱవ లూయీని చంపరాదని సభలో వాదించెను. ఉగ్రపక్షమువారికి అనుమాన పాత్రుడై, డిసెంబరులో చెఱపాలయ్యెను. చెఱకు పోవునపుడే ‘యుక్తియుగము’ ప్రథమభాగపు వ్రాతప్రతిని మిత్రుని కిచ్చిపోయెను. పదినెలలకుపైగా బంధింపబడి, 1794 నవంబరులో విడుదల పొందెను.

ఆ గ్రంథమున పెయిను దేవుడొక్కడే యని నమ్మి, నాస్తికత్వమును నిరాకరించుచు, శాస్త్రగ్రంథములను మాత్రము యుక్తిచే పరీక్షించెను. రాజుల విషయమున ఆతని యుక్తిని మెచ్చినవారే, అది తమ మతముమీదికి మరలగనే సహింపరైరి. పెయినునందును లోపములు లేకపోలేదు. 1796లో వాషింగ్టనును దూషించుచు వ్రాసిన లేఖయందు మితిమీఱెను. 1802లో అమెరికాకు తిరిగి రాగా పూర్వమిత్రులు పెక్కురు మొగము చాటువేసిరి. 1806లో ఈతడు అమెరికా పౌరుడు కాడని ఎన్నికల అధికారులు ఓటునే నిరాకరించిరి. 1809 జూన్ 8వ తేదీన మరణింపగా, క్వేకరులు తమ శ్మశానమున చోటీయలేదు. అంత్యక్రియలకు పదిమందియు రాలేదు.

అయినను ఆ పుస్తకములు చావలేదు. 1830 ప్రాంతమున కలకత్తా హిందూ కళాశాల విద్యార్థులు వానిని ఆతురముతో చదివిరి. 1847లో జోతీరావు ఫూలే పూనాలో ‘మానవుని హక్కులు’ చదివెను. మఱుసటియేడు బాలికలకు పాఠశాల పెట్టెను.

చదువరులారా, విద్యావంతులమగు మనము స్వేచ్ఛనుగూర్చి సభలలో మాటలాడుదుము. అదే మాట మన పాలేరు అడిగిననాడు, కాలము రాలేదందుము. ఇతరుల ఆచారములను యుక్తిచే పరీక్షింతుము. మనవానియొద్దకు వచ్చునప్పటికి యుక్తిని మూలనుంచుదుము. మన సంస్కారమును కొలుచుటకు పెయిను జీవితము రెండు ప్రశ్నల నిచ్చుచున్నది: మన తలంపు ఎంత పేదవానికి అందినది? అది మనమీదికే మరలినప్పుడు మనము నిలిచితిమా?