అంగడి ఆడోళ్లు రాజును గద్దె దించిన్రు

మహిళా సాధికారత అనంగనే మనకు యాదికొచ్చేది ఏంది? కుట్టు మిషన్లు, లోన్లు, నెలనెలా కిస్తీలు. పెద్ద లీడరొస్తే సభకు జనాన్ని తోలుడు. ఏండ్ల సంది సంఘాల నడుమ తిరుగుతున్న నాకు ఒక్కటే అనుమానం: సాధికారత అంటే గింతేనా? కాదని చూపెట్టిన మనిషి ఆఫ్రికాల ఉన్నది. ఆమె పేరు ఫున్మిలాయో రాన్సమ్ కుటి.

1900ల నైజీరియాలోని అబెయొకుటా పట్నంల పుట్టింది. ఆమె ఎదిగేనాటికి ఆ గడ్డ మీద పెత్తనమంతా బ్రిటిషోళ్లది. అక్కడి గ్రామర్ స్కూల్ల చేరిన మొదటి ఆడపిల్ల ఆమెనే. 1919ల ఇంగ్లండ్ వోయి చదువుకున్నది. ఫ్రాన్సెస్ అన్న పేరు పక్కన పెట్టి, తన యొరుబా పేరుతోనే వాపసొచ్చి టీచరైంది.

1932ల ఒక లేడీస్ క్లబ్బు పెట్టింది. అండ్ల ఉన్నదంతా సదువుకున్న ఇండ్ల ఆడోళ్లే. కుట్లు, అల్లికలు, మర్యాదలు, గదే పని. 1944ల అంగట్ల సరుకులమ్ముకునే ఆడోళ్లకు అక్షరాలు నేర్పుడు షురూ చేసిన్రు. గాడ అసలు సంగతి బయటవడ్డది. పలకా బలపం పట్టినోళ్లు తమ గోసంతా చెప్పుకున్నరు. యుద్ధం పేరు జెప్పి అధికారులు బియ్యం గుంజుకపోతున్నరు. మొగోళ్లకు ఒక పన్ను, ఆడోళ్లకు అలగ్ పన్ను. కట్టకుంటే ఇండ్లల్ల జొచ్చుడు, కొట్టుడు. పన్ను కట్టాలె గని ఓటు లేదు, పాలకుల సభల చోటు లేదు.

నేర్పవోయిన టీచరమ్మనే నేర్చుకున్నది. వీళ్లకు కావాల్సింది అల్లికలు కాదని సమజైంది. 1946ల క్లబ్బు కాస్తా అబెయొకుటా మహిళా సంఘమైంది. తెల్లోళ్ల తీరు గౌన్లు ఇడిసిపెట్టి, అంగడి ఆడోళ్ల లెక్క చీరగుడ్డ చుట్టుకున్నది. సభలల్ల యొరుబాలనే మాట్లాడింది. వేలమంది చేరిన్రు.

బ్రిటిషోళ్ల తరఫున పన్ను వసూలు చేసేటోడు అక్కడి రాజు, అలాకే అడెమోలా. సంఘపోళ్లు ఉత్తగ లొల్లి చేయలే. దరఖాస్తులు పెట్టిన్రు, అకౌంటెంటును పెట్టి సర్కారు లెక్కలు చూపిచ్చిన్రు. ఫున్మిలాయో తానే పన్ను కట్టనన్నది, కోర్టుకెక్కింది, జుర్మానా పడ్డది. 1947 నవంబర్ల పదివేల మందికి పైగా ఆడోళ్లు రాజు కోట ముందట రాత్రంతా కూసుండి పాటలు పాడిన్రు. ఊరేగింపులకు పర్మిషన్ ఇయ్యకుంటే పిక్నిక్కని పేరు పెట్టి పోయిన్రు. టియర్ గ్యాస్ వస్తే ఏం జేయాలెనో ముందుగాలనే నేర్పి పెట్టింది.

1948ల ఆడోళ్ల పన్ను ఆగింది. 1949 జనవరిల రాజు గద్దె దిగిండు. 1950 ఆఖర్ల మళ్లొచ్చిండు, అది వేరే ముచ్చట. గెలిచినంక సంఘం ఇంటికి పోతే గిట్లనే అయితదని నేననుకుంట.

ఆమె మాత్రం ఇంటికి పోలే. ఆడోళ్ల ఓటు కోసం కొట్లాడింది. 1957ల సర్కారు ఆమె పాస్‌పోర్టును మళ్ల ఇయ్యనన్నది. 1970ల లెనిన్ శాంతి బహుమతి వచ్చింది. అఫ్రోబీట్ పాటగాడు ఫెలా కుటి ఆమె కొడుకే. పాటలతోని మిలటరీ సర్కారును ఎండగట్టినందుకు 1977 ఫిబ్రవరిల వెయ్యిమంది దాకా సైనికులు అతని ఇంటి మీద పడ్డరు. 76 ఏండ్ల తల్లిని మీది అంతస్తు కిటికీలకెల్లి కిందికి ఇసిరేసిన్రు. మళ్ల ఆమె కోలుకోలే. 1978 ఏప్రిల్ల పానం ఇడిసింది. విచారణ ఏం తేల్చిందో ఎరుకేనా? ఎవరో గుర్తు తెల్వని సైనికులు చేసిన్రట.

తమ్మీ, చెల్లె, మీ అమ్మ సంఘంల ఉండే ఉంటది. కిస్తీ కట్టినవా అని అడిగేటోళ్లు శానమంది ఉన్నరు. ఊర్ల రేషన్ బియ్యం ఏమైతున్నయి, పంచాయతీ లెక్కలేడ ఉన్నయి, గా మీటింగుల ఎవలన్న అడిగిన్రా? గది అడిగిన్నాడే సంఘం సంఘమైతది. అప్పటిదాక అది క్లబ్బే.